డోరుకి గుర్తున్న లెక్క

ఆదివారం.

పొద్దున్నే బండి కొనుక్కొస్తామని వెళ్ళి, భోజనాల వేళకి క్యాబ్‌లో ఇల్లు చేరాం. బావమరిది ముఖం చూసి అత్తయ్య ఏమీ అడగలేదు, కంచాలు పెట్టేసింది.

వాడికి చాన్నాళ్ళుగా ఒకటే పిచ్చి, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. 2017లో మన దేశంలోకి వచ్చిన 230 మోడల్. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. చూస్తే ఆఫీసుకెళ్ళే కారులాగే ఉంటుంది, కాలు నొక్కితే తెలుస్తుంది సంగతి. కొంపల్లి వైపు ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షాపులో తెల్లది ఉందని తెలిసింది. 61 వేలే తిరిగిందట, సింగిల్ ఓనర్ అట, డాక్టర్ గారి బండట. హైదరాబాద్‌లో అమ్మకానికొచ్చే బండ్లన్నీ డాక్టర్లవో బ్యాంకు మేనేజర్లవో. స్పీడుగా తోలేవాళ్ళు బండ్లు అమ్మరు కాబోలు.

మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని నిన్న రాత్రే ఫోన్ చేసి చెప్పాను. టైమింగ్ చైన్ చప్పుడు, పొగ లాంటివి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. “వాషింగ్‌కి తీసినం అన్నా” అన్నాడు షాపు కుర్రాడు. సరే అనుకున్నాను.

బాడీ బాగానే ఉంది. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. మీటర్ పెట్టి చూస్తే కుడివైపు ఫెండర్ ఒక్కటే 300 దాటింది, మిగతా అంతా మామూలే. రూఫ్, పిల్లర్లు, అద్దాల మీద ముద్రించిన తయారీ సంవత్సరాలు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఈ సిటీలో ఇన్నేళ్ళు తిరిగిన బండికి ఒక ఫెండర్ పెయింట్ పడడం పెద్ద విషయం కాదు. ఈ ఇంజిన్‌లో కూలెంట్ కారే చోటు వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర ఉంటుంది. టార్చ్ వేసి చూశాను, పొడిగా ఉంది. టైర్లు మాత్రం నచ్చలేదు. టార్క్ అంతా ముందు చక్రాలకే వెళ్ళే బండికి ముందు రెండూ రెండు రకాలు, అందులో ఒకటి నేనెప్పుడూ పేరు వినని కంపెనీది. ఇలాంటి బండికి టైర్ల దగ్గర పిసినారితనం చూపించినవాడు లోపల ఇంకెక్కడెక్కడ చూపించాడో అని అప్పుడే అనుమానం మొదలైంది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డు మీద నడిపాం. నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉంది. మూడో గేర్‌లో పెట్టి రెండు వేల ఆర్పీఎం నుంచి పూర్తిగా తొక్కినా ఎక్కడా జంకు లేదు, గేర్లు వెన్నలా పడుతున్నాయి. “బావా, ఇదే” అన్నాడు వాడు పక్క సీట్లోంచి. “ఆగరా, ఇంకా కంప్యూటర్ పెట్టలేదు” అన్నాను.

తిరిగొచ్చాక ముందు బ్లూటూత్ ఓబీడీ పెట్టాను, బండి కంప్యూటర్‌ని ఫోన్‌లో చదివే చిన్న స్కానర్ అది. లోపం ఉందని చెప్పే కోడ్ ఒక్కటి కూడా లేదు. “చూసిన్రా అన్నా, నీట్ బండి” అన్నాడు కుర్రాడు. కోడ్ లేకపోవడంలో విశేషం లేదు, రెండు నిమిషాల్లో ఎవరైనా తుడిచేయొచ్చు. నేను చూసేది దాని కింద ఉండే ఇంకో లైను: కోడ్లు తుడిచాక బండి ఎంత దూరం తిరిగిందో. 14 కిలోమీటర్లు! అందులో ఎక్కువ భాగం మేం తిప్పిందే. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని బండి తనంతట తనే పరీక్షించుకుంటుంది, కోడ్లు తుడిస్తే ఆ పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది; అది ఇంకా పూర్తి కాలేదని కూడా చూపిస్తోంది. అంటే నిన్నో ఇవాళో ఎవరో తుడిచారు. అడిగితే బ్యాటరీ మార్చామన్నాడు. బ్యాటరీ మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము.

అప్పుడు లాప్‌టాప్ తీసి వీసీడీఎస్ పెట్టాను. స్కోడా కూడా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఇది, ఇంజిన్ ఒక్కటే కాకుండా బండిలో ఉన్న కంప్యూటర్లన్నిటినీ చదువుతుంది. గేర్‌బాక్స్, బ్రేకులు, ఏసీ, ఎయిర్‌బ్యాగ్, డోర్లు దేని జ్ఞాపకం దానికి ఉంటుంది. చవక స్కానర్‌తో తుడిస్తే సాధారణంగా ఇంజిన్ వైపు కోడ్లే పోతాయి. ఇక్కడ జరిగింది అదే. డ్రైవర్ డోర్ కంప్యూటర్‌లో ఒక పాత లోపం మిగిలిపోయింది. ఎప్పుడో వోల్టేజ్ తగ్గిందని. దానంతటది చిన్న విషయం, బ్యాటరీ నీరసపడితే ఏ బండిలోనైనా వస్తుంది. కానీ లోపం పడినప్పుడు మీటర్ రీడింగ్ ఎంత ఉందో కూడా పక్కనే రాసిపెట్టుకుంటుంది. 88,412. డాష్‌బోర్డ్ మీద 61 వేల చిల్లర.

స్క్రీన్ కుర్రాడి వైపు తిప్పాను. కాసేపు చూసి “ఓనర్‌ని అడిగి చెప్తా అన్నా” అని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాడు. వాడి తప్పు కాకపోవచ్చు కూడా, బండి ఎన్ని చేతులు మారి ఆ షాపుకొచ్చిందో.

దారిలో బావమరిది వాదించాడు. “88 వేలైతే ఏమైంది బావా, రేటు తగ్గించమందాం” అని. 88 వేలు ఎక్కువేమీ కాదు, సర్వీస్ బిల్లులతో సహా ముందే చెప్పి ఉంటే నేనే బేరమాడి తీసుకోమనేవాణ్ణి. కానీ ఆ 88 వేలు కూడా పాత లెక్కే, ఆ లోపం పడ్డాక ఇంకెంత తిరిగిందో ఎవడికి తెలుసు? ఈ డీఎస్‌జీలో క్లచ్‌లు ఆయిల్‌లో ఉంటాయి, 60 వేలకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చి తీరాలి. మొన్ననే మార్చామని షాపువాళ్ళ మాట. ఏ 60 వేల దగ్గర? అసలు మార్చారా? స్పార్క్ ప్లగ్‌లదీ అదే గొడవ. మీటర్ అబద్ధమైతే ఏ పని ఎప్పుడు చేయించాలో అంతా గుడ్డి లెక్కే. వాడు ఇంకేం మాట్లాడలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

సాయంత్రానికి తేరుకున్నాడు. బెంగళూరులో ఒక ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ ఉందని ఫోటోలు పంపాడు. 192 హార్స్‌పవర్, ముచ్చటైన బండే. మూడు డోర్లది, అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో వెనక సీట్లోకి ఎలా ఎక్కుతుందో వాడే చెప్పాలి. కర్ణాటక బండి ఇక్కడికి తెస్తే ఎన్ఓసీ కావాలి, లైఫ్ టాక్స్ మళ్ళీ ఇక్కడ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో రీఫండ్ కోసం అక్కడి ఆర్‌టీఓ చుట్టూ తిరగాలి. ముందు ఆ లెక్క తీసి, సర్వీస్ బిల్లులన్నీ వాట్సాప్‌లో తెప్పించమన్నాను. బస్ టికెట్ సంగతి తర్వాత.