పడవకి రంగు వేయాలని ఊరు రానంది

"విజయవాడ వెళ్ళడం నాకు సెలవు కాదమ్మా, అది నీ హోంవర్కు. నువ్వు చేసుకో."

పదిహేనేళ్ళ మా అమ్మాయి మార్చిలో ఒక ఆదివారం, నేను టికెట్ల ధరలు చూస్తుంటే, పప్పన్నం కలుపుకుంటూ ఈ మాట అంది. కోపం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. కానీ అప్పుడు నవ్వితే ఓడిపోయినట్టే కదా, అందుకని మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాను.

కారణం పడవ. వాళ్ళ నాన్న, తనూ కలిసి నిరుడు చలికాలంలో, మేముండే అమెరికాలో, చీసపీక్ బే అనే సముద్రపు పాయ ఒడ్డున ఒక పాత తెరచాప పడవ కొన్నారు. మోడలు కాటలీనా 22. ఇరవై రెండడుగులు, 1978లో తయారైంది. నాకంటే పెద్దది. నేను వద్దన్నాను, ఎవరూ పట్టించుకోలేదు. "ఫైబర్‌గ్లాస్ అమ్మా, చెక్కలా పుచ్చిపోదు" అని నాకే ధైర్యం చెప్పింది. పుచ్చదేమో గానీ, చూడ్డానికి మాత్రం మా వన్‌టౌన్‌లో పాత గోడౌను గోడలా ఉంది. చెయ్యి రాస్తే తెల్లటి పొడి అంటుకునేది.

ఈ వేసవిలో దాని పొట్టంతా గీకి, కొత్త రంగు వేయాలని వాళ్ళ ప్లాను. ఈ వేసవిలో విజయవాడ రావాలని నా ప్లాను. రెండేళ్ళకోసారి పిల్లని ఊరు తీసుకురావాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఒకసారి మా తెలుగు సంఘం మీటింగులో మైకు పట్టుకుని చెప్పాను కూడా: "ఊరు రావడం ఇష్టమా అని పిల్లల్ని అడక్కండి. పళ్ళు తోముకోవడం ఇష్టమా అని అడుగుతామా?" చప్పట్లు కొట్టారు. ఆ వీడియో మా అమ్మాయి ఫోన్లో ఉంది. అవసరమైనప్పుడల్లా తీసి వినిపిస్తుంది.

"రంగు ఆగస్టులో వేసుకోవచ్చుగా" అన్నాను. అప్పుడు మొదలైంది క్లాసు. పడవకి ఒకటి కాదు, రెండు రకాల రంగులట. నీటి గీతకి కింద రాగి కలిసిన రంగు, గుల్లలూ నాచూ అతుక్కోకుండా. అది నీళ్ళలో కొద్దికొద్దిగా అరిగిపోతుంటేనే కొత్త రాగి పైకి వచ్చి పని చేస్తుందట. నీటి గీతకి పైన పాలీయూరిథేన్ అనే మెరిసే రంగు. ఈ పడవ కీల్, అంటే కింద వేలాడే బరువు, పోత ఇనుము. దాని మీద నేరుగా రాగి రంగు పూస్తే ఉప్పునీళ్ళలో ఇనుముని తినేస్తుంది, కాబట్టి మధ్యలో ఎపాక్సీ అనే గట్టి పూత పొరలు వేయాలి. ఎపాక్సీ మీద పై రంగు ఇంత గడువు లోపల పడాలి. గడువు దాటితే మళ్ళీ గరుకు కాగితం పట్టుకుని గీక్కోవాలి. "మధ్యలో ఆరు వారాలు విజయవాడలో కూర్చుంటే ఎలా అమ్మా? మొదలుపెట్టిన పని సగంలో వదలకూడదని నువ్వే చెప్పావుగా?"

చెప్పాను. పదకొండేళ్ళప్పుడు కూచిపూడి మానేస్తానని ఏడిస్తే ఈ ఒక్క మాటతో ఇంకో రెండేళ్ళు లాక్కొచ్చాను. నా వీణ ఆరు నెలలకే అటకెక్కిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆ వీణ ఇప్పటికీ సత్యనారాయణపురంలో మా నాన్న వాళ్ళింట్లో అటక మీదే ఉంది. మొన్న పాత గుడ్డలో చుట్టి కనిపిస్తే, అమ్మ చూడకుండా ఇంకాస్త లోపలికి నెట్టాను.

చివరికి నేనొక్కదాన్నే వచ్చాను. వచ్చేముందు ఒక్క విషయంలో మాత్రం పంతం నెగ్గించుకున్నాను. రెండు డబ్బాలు కలిపి వేసే రంగులో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకి మంచిది కాదని చదివి, ఒకే డబ్బాలో వచ్చే రకమే వాడాలని పట్టుబట్టాను. పాత రాగి రంగు గీకితే లేచే దుమ్ము కూడా విషమే. దానికి మాస్కులు, వాక్యూమ్ తగిలించిన మిషను, కింద పరచడానికి పట్టాలు. ఆయన కొన్న మాస్కు పెట్టుకుని అమ్మాయి ఫోటో పంపింది. కళ్ళు తప్ప ఏం కనపడ్డం లేదు. ఆ కళ్ళు నవ్వుతున్నాయి. మా వాళ్ళ పెళ్ళి ఫోటోల్లో తను ఎప్పుడూ అలా నవ్వలేదు. ఈ సంగతి ఆయనతో అననా వద్దా అని ఆలోచించి, అనలేదు.

ఇక్కడ దిగగానే ఇంకో తప్పు చేశాను. "పిల్ల రాలేదేమే?" అని అందరూ అడుగుతుంటే "సమ్మర్ కోర్సు ఉంది పిన్నీ" అన్నాను. పడవకి రంగు వేస్తోందని చెప్పడానికి నామోషీ. అబద్ధం ఆడకూడదని దానికి పదేళ్ళుగా నీతులు చెప్పే నోటితోనే, నాలుగు రోజుల్లో ఏడుగురికి అదే కోర్సు కథ చెప్పాను. అయిదో మనిషికి వచ్చేసరికి ఆ కోర్సులో సర్టిఫికెట్టు కూడా ఇచ్చేస్తున్నారు.

బయటపెట్టింది మా నాన్న. భోజనాల దగ్గర "అది పడవ బాగుచేసుకుంటోందమ్మా, కోర్సు లేదు ఏం లేదు" అనేశాడు. మనవరాలు ఆయనకి రోజూ ఫోటోలు పంపుతోందని నాకు తెలియదు. మా అత్త నోరు తెరిచింది: "అమెరికాలో ఉండి, పడవకి రంగేయడానికి మనిషిని పెట్టుకోలేరుటే?" దీనికి జవాబు నా దగ్గర లేదు. నేనూ సరిగ్గా ఇదే మాట మా ఆయనతో అన్నాను, ఇంగ్లీషులో.

మా నాన్నది దుగ్గిరాల. ఇరిగేషన్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. 1957లో ప్రకాశం బ్యారేజీ తెరిచినప్పుడు ఆయనకి పద్నాలుగేళ్ళు. ఇంటి ముందు కాలువలో తెరచాప పడవలు వెళ్ళేవట, కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువలోకి, అక్కణ్ణించి మద్రాసు దాకా. గాలి లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళట. ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదు నాన్న. నేనెప్పుడూ అడగలేదు అనడం నిజం. ఇంజినీరింగు సీటు, జీఆర్ఈ, వీసా అడిగాను.

తాతా మనవరాళ్ళ సంభాషణ వింటే తమాషాగా ఉంటుంది.

"కీల్‌కి ప్రైమర్ అయిపోయింది తాతయ్యా."

"కీలుకి ప్రైమర్ ఏంటమ్మలూ? కీలే పూస్తారు పడవకి."

పావుగంట గడిచాక తేలింది. ఆయన చెప్పే కీలు తారు. చెక్క పడవలకీ, పుట్టికి, అంటే తట్టలాంటి గుండ్రటి పడవకి, చుట్టిన టార్పాలిన్‌కీ నీళ్ళు దూరకుండా పూసే నల్లటి జిగురు. ఇది చెప్పే కీల్ ఇనుప బరువు. నేను మధ్యలోకి దూరి "నాన్నా, అది ఇంగ్లీషు మాట" అనబోతే ఇద్దరూ ఒకేసారి "ఉండు" అన్నారు.

పేరు గొడవ ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. పడవ వెనక పాత ఓనరు అతికించిన అక్షరాలుండేవి, "పెగ్గీ" అని. వాటిని వేడి చేసి ఊడబీకారు. అక్షరాలు పోయినా పేరు పోలేదు. వాటి కింద ఎండ తగలక అసలు రంగు అలాగే ఉండిపోయింది, చుట్టూ వెలిసిపోయింది. దాంతో పెగ్గీ నీడలా కనిపిస్తూనే ఉంది. ఎలాగూ కొత్త రంగు కదా, "కృష్ణవేణి" అని తెలుగులో రాయిద్దాం అన్నాను. ఊరు రాకపోయినా ఊరి నది పేరైనా ఉంటుందని నా లెక్క. ఒప్పుకోలేదు.

"పడవ పేరు మారిస్తే మంచిది కాదంటారమ్మా."

మంగళవారం గోళ్ళు తీయొద్దంటే పగలబడి నవ్వే పిల్ల! అదే మాట అన్నాను. ఒక నిమిషం ఊరుకుని అంది: "నిన్ను ఆఫీసులో లక్స్ అంటే పలుకుతావుగా. అప్పుడు పేరు సంగతి గుర్తు రాదా?"

నా పేరు సీతామహాలక్ష్మి. లక్స్ సబ్బు పేరు. పందొమ్మిదేళ్ళుగా పలుకుతున్నాను. మొదటివారం ఒకాయన నోరు తిరక్క అలా పిలిస్తే, పోనీలే పాపం అని నవ్వి ఊరుకున్నాను. తరవాత నా ఈమెయిళ్ళ కింద నేనే అలా రాసుకోవడం మొదలుపెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు.

పిల్లలకి ఊరు అలవాటు చేయడం ఎలా అని ఈమధ్య ఒక కొత్త తల్లి నన్ను అడిగింది. ఇదివరకైతే గడగడా చెప్పేదాన్ని. చిన్నప్పుడే మొదలుపెట్టు, ఇంట్లో తెలుగే మాట్లాడు, రెండేళ్ళకోసారి తీసుకెళ్ళు. మూడూ చేశాను. దానికి తెలుగు బాగానే వచ్చు, నాతో పోట్లాడ్డానికి సరిపోయేంత. ఊరంటే మాత్రం దానికి దోమలు, నా చుట్టాల ప్రశ్నలు, నా టెన్షన్. ఊళ్ళో నేనెలా ఉంటానో అది చూసింది కదా. ఎవరేమనుకుంటారో అని పిల్ల బట్టలు సర్దుతూ, జుట్టు సర్దుతూ, మాటలు సర్దుతూ. మీ ఆయన్ని పడవ కొననివ్వు అని ఆ అమ్మాయికి చెప్పలేను. ఇంతకీ ఏం చెప్పానో గుర్తులేదు, ఆవకాయ గురించి ఏదో మాట్లాడి ఫోన్ పెట్టేశాను.

పై రంగు వేయడానికి ఇద్దరు కావాలట. ఒకరు రోలరుతో పలచగా పూస్తూ పోతుంటే, రెండోవాళ్ళు వెంటనే బ్రష్ కొనతో బుడగలు పోయేలా ఒక్క గీత లాగుతూ రావాలి. పక్కది వేసేలోపు ముందుది ఆరిపోతే అతుకు కనిపిస్తుంది. అందుకని మధ్యలో మంచినీళ్ళకి కూడా ఆగకూడదు. రోలరు మా ఆయనది, బ్రష్ అమ్మాయిది. ఒకరి పని ఒకరు దిద్దకుండా మేమిద్దరం, అదీ నేనూ, గంటసేపు కలిసి ఏదైనా చేశామా అని ఆలోచించాను. పూతరేకులు చుట్టాం ఒకసారి. నేను దిద్దాను.

నిన్న సాయంత్రం నాన్న సీతానగరం వైపు తీసుకెళ్ళమన్నాడు. బ్యారేజీ మీద కారు మెల్లగా వెళ్తుంటే, 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ఇక్కడే గేట్లని గుద్దుకున్నాయని చూపించాడు. పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన నీళ్ళు. గేట్లకి తూకంగా ఉండే దిమ్మెలు, కౌంటర్ వెయిట్లు, దెబ్బతిన్నాయి, ఇరుక్కున్న పడవల్ని తీయడానికి రోజులు పట్టింది. "దాన్ని తాడు గట్టిగా కట్టుకోమని చెప్పు" అన్నాడు. పడవ ఇంకా నీళ్ళలోకి దిగలేదు నాన్నా, స్టాండ్ల మీద ఉంది అంటే, "అయినా చెప్పు" అన్నాడు.

దిగువన ఇసుక తేలి ఉంది. ఒకాయన పుట్టి బోర్లించి కీలు పూస్తున్నాడు. వాసన గుప్పుమంది. నాన్న మొహం చూసి వీడియో కాల్ చేశాను. అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. పడవ పొట్ట మీద మంచు ఆరేదాకా రంగు ముట్టుకోకూడదట, అప్పుడు వేస్తే మెరుపు పోతుంది, అందుకని అమ్మాయి ఖాళీగానే ఉంది. వెనక పడవ సగం తెలుపు, సగం ముదురు నీలం. పెగ్గీ నీడ ఇంకా కనపడుతోంది, ఆ వైపు రేపట.

"తాతయ్యా, ఆయన పడవని బోర్లించి వేస్తున్నారు! మాకూ అలా వీలైతే ఎంత బాగుండేది, నా మెడ పడిపోయింది. ఎన్ని కోట్లు వేస్తారో అడుగు."

నాన్న అడిగాడు. ఆయన తల ఎత్తకుండానే ఏదో చెప్పాడు. నాన్న గట్టిగా అరిచి చెప్పాడు. అది మళ్ళీ ఏదో అడిగింది. నాకేమో ఫోన్ పట్టుకుని చెయ్యి లాగుతోంది, సూర్యుడు కళ్ళలో పడుతున్నాడు, అదన్నా సరిగ్గా కనపడుతుందని ముందుకి వంగి చూశాను.

"అమ్మా, నువ్వు కాదు, పుట్టి. కొంచెం పక్కకి జరుగు."

జరిగాను.