లాంతరు వెలుగులో ఉత్తరం

నాటకం రిహార్సల్స్‌కి అసిస్టెంట్‌గా వెళ్లిన మొదటి వారమంతా నాకు చిరాకే. డైరెక్టర్ గారు నటుల్ని లేపి నిలబెట్టరు, డైలాగ్ చెప్పించరు. గోడ నిండా పాత ఫొటోలు, పేపర్ కటింగులు అంటించి, "ఆ కాలంలో ఇంట్లో ముందు ఎవరు తినేవాళ్లు? రాత్రి దీపం ఎవరు ఆర్పేవాళ్లు?" అని ఒకటే ప్రశ్నలు. నాటకం వేస్తున్నామా, పరీక్షకి చదువుతున్నామా అనిపించింది.

తర్వాత ఉత్తరం సీన్ వచ్చింది. నటి స్టేజి మధ్యలో నిలబడి చదవాలని అప్పటికే అనుకున్నాం. డైరెక్టర్ మేడమ్ లైట్లన్నీ ఆపించి ఒక్క కిరోసిన్ లాంతరు వెలిగించారు. నాలుగడుగుల దూరంలో అక్షరం కనబడితే ఒట్టు! నటి వంగి కాగితాన్ని చిమ్నీ దగ్గరికి తెచ్చింది. పక్క కుర్చీలో కూర్చున్న భర్త పాత్రధారికి ఆమె ముఖం మొత్తం కనబడిపోయింది. ఇక దాచుకోవడానికి చోటేది? ఒక్క మాట కూడా మార్చకుండానే సీన్ మారిపోయింది.

1902లో గోర్కీ నాటకం కోసం రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తన బృందాన్ని మాస్కోలో ఖిత్రోవ్ మార్కెట్ దగ్గర, నిరుపేదలు తలదాచుకునే బసలకి తీసుకెళ్లాడని ఎప్పుడో చదివా. అదంతా గొప్పవాళ్ల వ్యవహారం అనుకునేదాన్ని.

అన్నట్టు, మేం సేకరించిన వాటిలో చాలా వరకు స్టేజి ఎక్కనే లేదు. నేను మూడు రోజులు వెతికి తెచ్చిన పాత స్టాంపుని "ప్రేక్షకులకి కనబడదు కదా" అని పక్కన పెట్టేశారు. బాధేసింది. నటి మాత్రం ఆ స్టాంపున్న కవరే కావాలని పట్టుబట్టి, ఆఖరి షో దాకా దాన్నే వాడింది.