నాయన ట్యూబ్ లోపలే ఇరుక్కుపోయింది: నా అనుభవం

పక్షవాతం వచ్చాక నాయనకు మింగడం కష్టమై, పొట్టకు పెగ్ ట్యూబ్ (పొట్ట మీది రంధ్రం గుండా నేరుగా కడుపులోకి ఆహారం పోసే గొట్టం) పెట్టించాం. ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ట్యూబ్ చుట్టూ తడి కనిపించింది. ఇంటికొచ్చి డ్రెస్సింగ్ చేసే అతను ట్యూబ్ జరగకుండా బయట పట్టి ఉంచే బిళ్ళను చర్మానికి అదిమి బిగించి, "ఇక కారదులే" అని పోయాడు.

రెండు వారాలకు నీళ్లు కూడా లోపలికి పోవడం ఆగిపోయింది. కావలిలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఓపీ నిండా జనం. "జావ చిక్కగా పోసి ట్యూబ్ పాడుచేశారు, చదువుకున్నదానివి, ఆమాత్రం తెలియదా?" అని డ్యూటీ డాక్టర్ అందరి ముందూ అరిచాడు. మా అమ్మ రాగిజావను పలుచటి బట్టలో రెండుసార్లు వడగడుతుంది. జావకు ముందూ తర్వాతా గోరువెచ్చటి నీళ్లు పోస్తుంది. చెప్పబోతే విననే లేదు. పెద్ద సిరంజితో బలంగా తోశాడు. మాట రాని నాయన కుడిచేత్తో మంచం పట్టీ గట్టిగా పట్టుకుని వణికిపోయాడు. ట్యూబ్ పక్క నుంచి నీళ్లు చిమ్మి లుంగీ తడిసింది. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా ఆయనకు" అన్నాడు. ఆ మాట ఈ రోజుకీ గుండెల్లో గుచ్చుకుంటోంది. రోగం అర్థం కాకపోతే తెలియదని చెప్పాలి గానీ, ఇంటివాళ్ల మీదికి నెట్టడమేంటి?

కారణం పట్టింది మా అమ్మే. చదివింది ఐదో తరగతే. "డిశ్చార్జి రోజు బిళ్ళ దగ్గర ట్యూబ్ మీద నాలుగు అంకె ఉండె, ఇప్పుడు రెండున్నరే ఉంది చూడు" అంది.

పొద్దున్నే నెల్లూరు వెళ్లాం. గ్యాస్ట్రో డాక్టర్ ట్యూబ్‌ను రెండు వేళ్లతో తిప్పి చూశారు. తిరగలేదు, లోపలికీ జరగలేదు. బిళ్ళ బిగిసిపోవడంతో కడుపు లోపల ఉండాల్సిన ట్యూబ్ చివరి బొడిపె కడుపు గోడలోకి దిగి, దాని మీద కండ పెరిగిందట. బరీడ్ బంపర్ అంటారు. నాయన క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతున్నారు కాబట్టి న్యూరో డాక్టర్‌ను అడిగి ఐదు రోజులు ఆపారు. అన్నాళ్లూ ముక్కు ట్యూబే.

ఎండోస్కోపీ మత్తులో జరిగింది. సూదిలాంటి కత్తితో ఆ కండను కోసి, బొడిపెను కడుపులోకి నెట్టి, పాత ట్యూబ్‌ను నోటి గుండా తీశారు. అదే రంధ్రంలో కొత్తది పెట్టారు. పొట్ట కోయలేదు.

ఇంట్లో ఈ ట్యూబ్ ఉన్నవాళ్లు బిళ్ళకూ చర్మానికీ మధ్య సుమారు సెంటీమీటరు, అంటే చిటికెన వేలి గోరంత సందు ఉంచండి. పుండు మానాక, మీ డాక్టర్‌ను అడిగి, వారానికోసారైనా రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి జరిపి, ఒక చుట్టు తిప్పి, మళ్లీ పాత అంకెకే తెచ్చి పెట్టండి. తిరగకపోతే ఏమీ తోయకండి. ట్యూబ్ ఊడివస్తే రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవచ్చు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. డ్రెస్సింగ్ వాళ్లను మాత్రం బిళ్ళ ముట్టనివ్వకండి.

నిన్న సాయంత్రం మళ్లీ జావ మొదలుపెట్టాం. నాయన మొహం చిట్లించలేదు. అమ్మ క్యాలెండర్ మీద కొత్త అంకె రాసి పెట్టుకుంది: మూడున్నర.