మిద్దె మీద మూడు నెలల బాడుగ

గత ఏడాది తిరుపతిలోని మా మిద్దె మీది పోర్షన్ ఖాళీ అయి, గేటుకు టు-లెట్ బోర్డు తగిలించిన మూడో రోజే ఒక యువకుడు వచ్చాడు. బెంగళూరు కంపెనీలో ఉద్యోగమనీ, ఎక్కడినుంచైనా పని చేయవచ్చనీ, ఇల్లు మూడు నెలలకే కావాలనీ, బాడుగ మొత్తం ముందే ఇస్తాననీ చెప్పాడు. అతడు అడిగినవి రెండే: ఇంటర్నెట్ వేగం ఎంత, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా. బోరు ఉందా, తెలుగు గంగ నీళ్లు ఎన్ని రోజులకొకసారి వదులుతారు అని అడగకుండా ఈ ఊళ్లో ఇల్లు చూసిన మనిషిని నేను అంతకుముందు ఎరుగను.

పాత బాడుగకు రెండు వేలు కలిపి, కొంచెం సంకోచిస్తూనే చెప్పాను. అతడు బేరమాడలేదు. "బెంగళూరుతో పోలిస్తే ఇది చాలా తక్కువ అంకుల్" అన్నాడు. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మూడు నెలలు ఉండి అతడు ఇల్లు ఖాళీ చేసిన తర్వాత ఒక ప్రైవేటు స్కూలు మాస్టారు భార్యతో వచ్చి ఇల్లు చూశారు. నేను కొత్త బాడుగే చెప్పాను. "అంత మేము కట్టుకోలేము సార్" అని, చెప్పులు వేసుకుని మెట్లు దిగారు. ఆ దంపతులు చంద్రగిరి వైపు ఇల్లు తీసుకున్నారనీ, మాస్టారు రోజూ బస్సులో బడికి వస్తున్నారనీ తరువాత విన్నాను.

తిరుపతికి పరాయివారు కొత్త కాదు. అయితే యాత్రికుడు విష్ణునివాసంలోనో, శ్రీనివాసంలోనో, ఏదో ఒక మఠంలోనో, లాడ్జిలోనో దిగుతాడు. పూలమ్మే ఆమెకూ, ఆటో అతనికీ, టిఫిన్ బండికీ నాలుగు డబ్బులు ఇచ్చి, దర్శనం కాగానే రైలెక్కుతాడు. అతడు మా పోర్షన్‌కు పోటీ రాడు. లాప్‌టాప్‌తో వచ్చినవాడికి కావలసింది సరిగ్గా మాస్టారికి కావలసిన ఇల్లే. కాకపోతే అతని జీతం మరో ఊరి ధరలకు తగినట్టు నిర్ణయమైనది. మా అతిథి మంచివాడే, వీధి చివరి టిఫిన్ అంగడిలో రోజూ తినేవాడు, కానీ సరుకులన్నీ యాప్‌లోనే తెప్పించుకునేవాడు. మా ఊళ్లో బాడుగలు పెరగడానికి ఇలాంటివారే కారణమనడం మాత్రం అన్యాయం. విశ్వవిద్యాలయాలూ, ఆసుపత్రులూ ఎప్పటినుంచో ఆ పని చేస్తున్నాయి.

ఇదే వ్యవహారం పెద్ద ఎత్తున జరిగితే ఎలా ఉంటుందో మెక్సికో సిటీ చూపింది. డాలర్లలో సంపాదించి పెసోలలో అద్దె కట్టేవారు కొండేసా, రోమా పేటల్లో చేరడంతో తమకు ఇళ్లు అందకుండా పోతున్నాయని 2025 జూలైలో అక్కడి జనం వీధుల్లోకి వచ్చారు. పోర్చుగల్ అయితే 2022 అక్టోబరులో ఇలాంటివారికి ప్రత్యేక వీసా పెట్టి, ఆ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్లు ఆదాయం ఉండాలని నియమం విధించింది. ఆ కనీస వేతనంతో బతికే కూలీ అదే వీధిలో ఇల్లు వెతుక్కోవాలన్న సంగతి నియమం రాసినవారికి తట్టిందో లేదో!

వారిని తప్పుపట్టే ముందు నా గేటు చూసుకోవాలి. మాస్టారు వెళ్లాక పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉంది. నేను ఆశపడిన అదనపు డబ్బంతా అందులోనే పోయింది. ఇప్పుడు బోర్డు మీద పాత బాడుగే రాసి, కింద "11 నెలల అగ్రిమెంటు, ఫ్యామిలీకి మాత్రమే" అని చేర్చాను. బ్రోకరు మాత్రం వారానికోసారి ఫోన్ చేసి, నెలవారీగా తీసుకునే బెంగళూరు పార్టీ ఉందని చెబుతూనే ఉన్నాడు.