ఒక పెట్టెలో నాలుగు కాపురాలు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మాది చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రం. ఫీజుల లెక్కలకు ఒకటి, హాజరుకు ఒకటి, ఫైళ్ళకు ఒకటి, పిల్లలు లినక్స్ నేర్చుకోవడానికి ఒకటి, ఇలా నాలుగు పాత డబ్బాలు రాత్రింబవళ్ళు రొద పెడుతుండేవి. కరెంటు పోతే వాటన్నిటినీ మోయలేక యూపీఎస్ చేతులెత్తేసేది. చివరికి 32 జీబీ మెమరీ ఉన్న పాత సర్వర్ ఒకటి కొని, నాలుగింటినీ అందులోకి మార్చేద్దామనుకున్నాను.

ఒకే పెట్టెలో పలు కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్. డెబియన్ అనే లినక్స్ మీద నడిచే దాన్ని ఎక్కించడం తేలికే. తీరా బ్రౌజర్‌లో 8006 పోర్టు దగ్గర దాని పేజీ తెరిచి మొదటి వర్చువల్ మెషీన్‌ను, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్‌ను, ఆన్ చేస్తే, దాన్ని నడిపే కేవీఎం అందుబాటులో లేదంటూ మొండికేసింది. ఒక పూటంతా తల బద్దలు కొట్టుకున్నాను. కంప్యూటర్ లేవగానే నడిచే బయోస్ సెట్టింగుల్లో, ఈ పనికి ప్రాసెసర్ ఇచ్చే ఇంటెల్ వీటీ అనే సదుపాయం ఆపేసి ఉంది, అంతే!

లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్‌ది కాబట్టి దానికి పూర్తి వర్చువల్ మెషీన్ ఇచ్చాను. సొంత కెర్నల్‌తో (సిస్టమ్‌ను నడిపే గుండెకాయ) అది వేరు కాపురం. మిగతా మూడూ లినక్సే కనుక కంటైనర్లు చాలు: గదులు వేరు, పొయ్యి ఒకటే. కెర్నల్ ఉమ్మడి కావడంతో మెమరీ తక్కువ తింటాయి.

నేను బోల్తా పడింది కూడికలో. విండోస్‌కు 16, కంటైనర్లకు తలా 4, మొత్తం 28 జీబీ. ఇంకా నాలుగు మిగిలాయని మురిసిపోయాను. డిస్కుల్లో ఫైళ్ళను సర్దడానికి ఎంచుకున్న జెడ్‌ఎఫ్‌ఎస్ తన క్యాష్ (తరచూ కావాల్సిన డేటాను మెమరీలో దగ్గర పెట్టుకునే చోటు) కోసం సగం మెమరీ దాకా వాడుకోగలదన్న సంగతి పట్టించుకోలేదు. నేను వేసిన ప్రాక్స్‌మాక్స్ పాత వెర్షన్‌లో దానికి వేరే హద్దు లేదు. సరిగ్గా ఫీజులకు ఆఖరి రోజున లెక్కలు చూసే మేడమ్ పరుగున వచ్చారు. "సార్, కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. రసీదులు సగంలో ఉన్నాయి!"

సర్వర్ తన సంగతులన్నీ రాసుకునే లాగ్ తెరిస్తే హంతకుడు దొరికాడు. మెమరీ చాలక కెర్నలే విండోస్ మెషీన్‌ను చంపేసింది. అలాంటప్పుడు అది సాధారణంగా అందరికంటే ఎక్కువ తింటున్నవాడి మీదే పడుతుంది. క్యాష్‌కు 4 జీబీ హద్దు పెట్టి, విండోస్‌ను పదికి తగ్గించాను. మేడమ్ చేత ఆ రసీదులన్నీ మళ్ళీ కొట్టించాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ నాతో మాట్లాడలేదు.

తర్వాతి వారం ఒక కుర్రాడు అంతులేని లూప్ రాసి మెమరీ మింగించాడు. వాడి కంటైనర్ నాలుగు జీబీల దగ్గరే చతికిలబడింది. పక్క కాపురంలో, విండోస్ మెషీన్‌లో, రసీదులు మామూలుగానే వస్తున్నాయి.

పాత డబ్బాల్లో మూడింటిని అమ్మేశాను. నాలుగోది వెనక గదిలో ఉంది. రాత్రి రెండింటికి బ్యాకప్‌లు దానికే వెళ్తాయి.