గేటు దగ్గర ఆటో, ఆటో గేటు దగ్గర

వేసవి సెలవులకు డాలస్ నుంచి తిరుపతి వస్తే బైరాగిపట్టెడలో మా అక్క ఇంట్లోనే మా మకాం. అక్క కూతురు ఈ ఏడు పదో తరగతి. ఇంగ్లిష్ బాగానే రాస్తుంది కానీ 'ఎ', 'యాన్', 'ది' అనే ఆర్టికల్స్ దగ్గరికొచ్చేసరికి టెన్షన్. పక్కన కూర్చుని మా అమ్మాయి టకటకా దిద్దేస్తుంది. ఎందుకని అడిగితే మాత్రం "వినడానికి బాగోలేదు" అంటుంది, అంతే. అక్కడ పుట్టి పెరిగిన పిల్లకు అది చెవితో వచ్చిన విద్య. ఇక్కడి పిల్లకు కారణం చెప్పాలి.

ఆ కారణాన్ని తెలుగులోంచే చెప్పాలన్నది నా గట్టి నమ్మకం. "గేటు దగ్గర ఆటో ఉంది" అంటే ఏదో ఒక ఆటో. "ఆటో గేటు దగ్గర ఉంది" అంటే మనం పిలిపించుకున్న ఆటో, వినేవాళ్లకూ తెలిసిందే. మాటలు అవే, వరస మారిందంతే. మొదటిదానికి ఇంగ్లిష్‌లో 'యాన్' వస్తుంది, రెండోదానికి 'ది'.

"అంటే పిన్నీ, ఏ ఆటోనో ఎదుటివాళ్లకు తెలుసా లేదా అని చూసుకోవాలా?" అంది. చాలావరకు అంతే. ఆ ప్రశ్న వేసుకోవడం వస్తే సగం రూల్స్ బట్టీ పట్టే పని ఉండదు. లెక్కపెట్టలేని వాటికి 'ఎ' రాదని విడిగా గుర్తుంచుకోవాలి. నీళ్లు, పాలే కాదు, మనవాళ్లు ఎక్కువగా తప్పు రాసే అడ్వైస్ కూడా ఆ కోవలోదే.

'ఎ', 'యాన్' తేడాకు మా ఊరి యూనివర్సిటీనే చూపించాను. 1954లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరు పూర్తిగా రాస్తే 'ఎ శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ స్టూడెంట్'. పొట్టిగా రాస్తే 'యాన్ ఎస్వీయూ స్టూడెంట్'. ఇంగ్లిష్ రాతలో రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. కానీ పలికేటప్పుడు 'ఎస్' ముందు అచ్చు వినపడుతుంది. చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని. ఊళ్ల పేర్లు తిరుపతి, చిత్తూరుకు ఏమీ పెట్టం. స్వర్ణముఖి నదికి, శేషాచలం కొండల వరసకు 'ది' కావాలి.

ఒకచోట ఇద్దరికీ వాదన వచ్చింది. తాత ఆస్పత్రిలో ఉన్నారని రాస్తూ అక్క కూతురు 'ఇన్ హాస్పిటల్' అంది. మా అమ్మాయి 'ఇన్ ది హాస్పిటల్' అని దిద్దబోయింది. నేను ఆపాను. మొదటిది బ్రిటిష్ వాడుక, రెండోది అమెరికన్ వాడుక. మనవాళ్ల పిల్లలు అమెరికా యాసే కొలబద్ద అనుకుని ఇక్కడి పిల్లల్ని దిద్దడం నాకు నచ్చదు. ఇంగ్లిష్ ఒక్క దేశానిది కాదని వాళ్లకు చిన్నప్పుడే తెలియాలి.

పైగా మా అమ్మాయి తెలుగులో 'ఒక' అడుగడుగునా వస్తుంది. "నేను ఒక డాక్టర్ అవుతాను" అంటుంది. ఓ రోజు "నాకు ఒక తలనొప్పి ఉంది" అంటే, "తలనొప్పిగా ఉండాది అను తల్లీ" అని మా అమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇంగ్లిష్ ఆర్టికల్ తెలుగులోకి దూరిందన్నమాట. అందుకే ఇప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. అక్క కూతురు ఇంగ్లిష్ పేరా రాస్తే, అక్కడ 'ది' ఎందుకొచ్చిందో మా అమ్మాయి తెలుగులో చెప్పాలి.

పేపర్ చదివి నేర్చుకునే పిల్లలుంటే ఒక్క మాట. ఇంగ్లిష్ హెడ్‌లైన్లలో చోటు కోసం ఆర్టికల్స్ తీసేస్తారు. హెడ్‌లైన్ వదిలేసి కింద వార్త చదివించండి.