గ్వాల్ పహాడీలో పదమూడు అడుగుల లోతు

మే నెలలో ఢిల్లీ వెళ్తానంటే ఇంట్లో అందరూ వద్దన్నారు. నాకు మాత్రం నేల అడుగు నుంచి వచ్చే గాలితో చల్లబడే ఆ భవనాన్ని ఎండలు మండేటప్పుడే చూడాలని ఉంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి, మర్నాడు మెట్రోలో గురుగ్రామ్ వైపు వెళ్లి, ఆటో మాట్లాడుకుని గ్వాల్ పహాడీ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ముఖానికి చున్నీ చుట్టుకున్నా వడగాడ్పుకు కళ్లు మండిపోయాయి.

అక్కడ ఇంధనం, పర్యావరణం మీద పరిశోధనలు చేసే టెరీ సంస్థ కట్టుకున్న శిక్షణ కేంద్రం పేరు రిట్రీట్. దాని వసతి గదులకు గాలి నేల అడుగు నుంచి వస్తుంది. 4 మీటర్ల లోతున నాలుగు సొరంగ గొట్టాలు పాతారు. ఒక్కొక్కటి 70 మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు. ఆ లోతున మట్టి ఏడాది పొడవునా 26 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఫ్యాన్లు లోపలికి నెట్టిన వేడిగాలి, దారిపొడవునా తన వేడిని మట్టికి వదిలేసి గదుల్లోకి చేరుతుంది. పైకప్పు మీద ఎండకు కాగే సోలార్ చిమ్నీలు గదిలో గాలిని పైకి లాగేస్తాయి.

గాలి వచ్చే జాలీ దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. ఏసీ గాలిలా చురుక్కుమనలేదు. చెట్టు నీడలోకి వచ్చినట్టుంది, అంతే. పది నిమిషాలకు వీపుకు అతుక్కున్న బట్ట ఆరిపోయింది. జాలీకి చిక్కిన సాలీడు పోగు ఒకటి ఆగకుండా ఊగుతూనే ఉంది.

మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో బావి గుర్తొచ్చింది. సంక్రాంతి తెల్లవారుజామున తోడిన నీళ్లు గోరువెచ్చగా ఉండేవి, వేసవిలో అవే నీళ్లు ఒళ్లు జిల్లుమనిపించేవి. బావిలో వేడి దాదాపు ఒకటేనని, పైన గాలే మారుతుందని అప్పుడు తెలియదు. ఇక్కడి గొట్టాలు కూడా చలికాలంలో గాలిని వెచ్చబరుస్తాయి.

వానాకాలం మాత్రం చిక్కే. గాలి కాస్త చల్లబడినా తేమ పోదు, ఉక్కపోస్తుంది. అందుకే అమ్మోనియా చిల్లర్లు అనే చల్లబరిచే యంత్రాలు కూడా పెట్టుకున్నారు. గొట్టాలతో కాని పనిని అవుతుందని చెప్పుకోలేదు కదా, ఆ సంగతి తెలిశాక నాకు ఈ పద్ధతి మీద నమ్మకం ఇంకా పెరిగింది.

మా తమ్ముడు జగిత్యాలలో ఇల్లు కట్టబోతున్నాడు. లోతున మట్టి వేడి ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. మన దగ్గర ఆ సగటే కాస్త ఎక్కువ, ఇంత చల్లదనం రాకపోవచ్చు. అయినా గొట్టాలు వేయాలంటే పునాదులప్పుడే వేయాలి, ఇల్లు లేచాక తవ్వలేం. ఆటో ఎక్కుతూనే ఫోన్ చేశాను.

"పునాది పని ఒక వారం ఆపుతావా?"

"ఎంత లోతు తవ్వాలక్కా?"

"పదమూడు అడుగులు."

"ఏడడుగులకే బండ తగిలింది కదక్కా!"